గోడ మీది సాలీడుని వదిలెయ్యండి, లిఫ్టు గుంతలో నీళ్లు తోడించండి

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని అపార్ట్‌మెంట్ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులకు

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీలో చాలామంది ఒకే రకం తీర్మానం చేస్తున్నారని తెలిసింది. నెలకోసారి మనుషుల్ని పిలిపించి ప్రతి ఫ్లాటులోనూ, మెట్ల దగ్గరా, వరండాల్లోనూ, సెల్లారులోనూ పురుగుల మందు కొట్టించడం, ఆ ఖర్చు మెయింటెనెన్సులో కలిపెయ్యడం, మా ఇంట్లో వద్దని ఎవరైనా అంటే కుదరదనడం. మేముండే చోట కూడా లిఫ్టు పక్కన ఆ కాగితం అంటించారు. శ్రీకాకుళంలో మా చెల్లెలు ఉండే చోటా దాదాపు అదే కాగితం. సాలెపురుగులు, బల్లులు, బొద్దింకలు, దోమలు, చీమలు అన్నిటికీ ఒకే మందు అని అందులో రాసి ఉంది.

ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ అయిదిటికీ పనికొచ్చే ఒక్క మందు లేదు. అందులో సాలీడుకీ బల్లికీ అసలు మందే అక్కర్లేదు. మిగతావాటికి మీరు కొట్టించే చోట కొట్టిస్తే ఫలితం ఉండదు. దయచేసి ఈ తీర్మానం వెనక్కి తీసుకోండి. ఆ డబ్బుతో చేయించాల్సిన పనులు వేరే ఉన్నాయి, అవి కింద రాశాను.

నేను మలేరియా విభాగంలో హెల్త్ అసిస్టెంట్‌గా చేరి అందులోనే రిటైరయ్యాను. గోడలకి మందు కొట్టించడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సీతంపేట కొండల్లో ఊరూరా తిరిగి కొట్టించాను. మందు వాడకూడదని చెప్పే మనిషిని కాను. అక్కడ ఎందుకు కొట్టేవాళ్లమో చెబితే, ఇక్కడ ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుస్తుంది.

ఏజెన్సీలో మలేరియాని మోసే అనాఫిలిస్ దోమ కొండవాగుల అంచుల్లో, మెల్లగా పారే నీళ్లలో పుడుతుంది. వాగు మొత్తానికి మందు కలపడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ దోమకి ఒక అలవాటుంది. రాత్రి మనిషి రక్తం తాగాక ఆ బరువుతో దూరం ఎగరలేదు. పక్కనే గోడ మీద వాలి, తాగింది అరిగేదాకా అక్కడే కూర్చుంటుంది. అది కూర్చునే చోట మందు పొర ఉంటే చస్తుంది, ఇంకో మనిషిని కుట్టే అవకాశం ఉండదు. డీడీటీ వాడిన రోజుల్లో చదరపు మీటరు గోడకి 1 గ్రాము మందు పడాలని లెక్క. ఒకరు స్టిరప్ పంపు కొడుతుంటే ఇంకొకరు గొట్టం పట్టుకుని, గోడకి 45 సెంటీమీటర్ల దూరంలో నాజిల్ ఉంచి, పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా కొట్టుకుంటూ పోవాలి. ఏడాదికి రెండు రౌండ్లు, సీజను చూసుకుని. ఆ తరవాత గోడలు అలకొద్దని ఇంటింటికీ తిరిగి బతిమాలేవాళ్లం. అలికితే మందంతా మట్టి కిందకి పోతుంది. రానురాను డీడీటీ స్థానంలో పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి గానీ పద్ధతి అదే.

ఒక జబ్బు, దాన్ని మోసే దోమ, ఆ దోమకున్న అలవాటు, అన్నీ చూసి వేసిన లెక్క అది. అప్పుడు కూడా దాని వల్ల వచ్చే చిక్కులు దానికున్నాయి. "మీరు మందు కొట్టి ఎల్లిపోనాక నల్లులు ఎక్కువైపోతన్నాయి బావూ, మా ఇంటికొద్దు" అని ఎన్నో ఊళ్లలో తలుపులేసేసేవారు. వాళ్లు చెప్పింది నిజమే. నల్లులు డీడీటీకి ఎప్పుడో తట్టుకోవడం నేర్చుకున్నాయి. మందు సోకితే చావకపోగా పగుళ్లలోంచి బయటికొచ్చి తిరిగేవి. మనం దోమ కోసం వేసిన మందు ఇంకో ప్రాణి మీద ఎలా పనిచేస్తుందో ఆ ఊళ్లలోని ఆడవాళ్లు మాకంటే ముందే చూశారు.

ఇప్పుడు మీ ఫ్లాటులోకి రండి. మన పట్టణాల్లో డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఈడిస్ దోమ. అది పగలు కుడుతుంది. గోడ మీద కూర్చోవడం దానికి అంతగా అలవాటు లేదు. మంచం కింద, బీరువా వెనక, హ్యాంగరుకి వేలాడే బట్టల మధ్య చీకట్లో దాక్కుంటుంది. వరండా గోడలకి మందు కొడితే దానికి తగలదు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురిక్కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టి రాత్రి వస్తుంది. మన రెండు జిల్లాల్లోనూ బోదకాలు ఎంత కాలం ఎంతమందిని కుంటిచేసిందో, ఇంటింటికీ డీఈసీ మాత్రలు ఎందుకు పంచారో పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ క్యూలెక్స్ దోమలు చాలాచోట్ల పైరెత్రాయిడ్లకి లొంగడం మానేశాయి. మీరు కొట్టించే మందు చాలావరకు ఆ జాతిదే.

మరి ఆ మందు ఎవరికి తగులుతుంది? పగలూ రాత్రీ ఆ గోడనే పట్టుకుని బతికేవాటికి. అంటే సాలీడుకి.

మన ఇళ్లలో రోజూ కనబడేవి ముఖ్యంగా మూడు రకాలు. సీలింగు మూల పల్చని గూడు అల్లి తలకిందులుగా వేలాడే పొడుగుకాళ్లది ఒకటి. వేలు తగిలితే గూడంతా ఊపేస్తూ, తను ఎక్కడుందో కంటికి ఆననివ్వకుండా వణికిపోతుంది. ఆడది గుడ్ల మూటని నోట కరుచుకునే ఉంటుంది, పిల్లలు బయటికొచ్చేదాకా దింపదు. ఆ గూట్లో ఎండిపోయి ఉన్నవాటిని ఓసారి టార్చి వేసి చూడండి. దోమలు, చిన్న ఈగలు, చీమలు ఉంటాయి. థాయిలాండులో ఇళ్లలో ఉండే ఇదే జాతి సాలీళ్లు డెంగీ దోమల్ని పట్టి తింటాయని అక్కడి దోమలు చదివే శాస్త్రవేత్తలు పరిశీలించి రాశారు.

రెండోది గెంతే సాలీడు. చిన్నది, పొట్టికాళ్లది, కిటికీ చువ్వల మీదా ఎండ పడే గోడ మీదా తిరుగుతుంది. వేటకోసం గూడు కట్టదు. ఎనిమిది కళ్లలో ముందు రెండూ పెద్దవి, మనం దగ్గరికెళ్తే తిరిగి మన వైపే చూస్తుంది. ఈగ వాలిందంటే ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లి, వెనక ఒక దారం అంటించి, దాని మీదకి దూకుతుంది. గురి తప్పితే ఆ దారమే పట్టుకుని పైకి వస్తుంది. పిల్లలకి సెల్‌ఫోను బదులు ఇది చూపించండి. ఒక ఈగని పట్టేదాకా కదలకుండా కూర్చుంటారు, నేను చూశాను. తూర్పు ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు చుట్టుపక్కల వీటి బంధువు ఒకటుంది. అది రక్తం తాగిన దోమనే ఏరి మరీ పట్టుకుంటుంది.

మూడోదాన్ని చూసే ఎక్కువమంది కేకలు పెడతారు. రాత్రి బాత్రూములో లైటు వేస్తే గోడకి అతుక్కుని ఉండే పెద్ద గోధుమరంగు సాలీడు అది. కాళ్లు చాపితే అరచేయంత కనబడుతుంది. ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి గుండ్రని బిళ్ల మోస్తూ ఉంటుంది, అది గుడ్ల సంచీ. మీరు వంటింట్లో చూసి భయపడే బొద్దింక దీని ఆహారం. రాత్రంతా తిరిగి వేటాడుతుంది, తెల్లారేసరికి తలుపు సందులోకో ఫొటో వెనక్కో పోతుంది. మేముండే అపార్ట్‌మెంట్‌లో పిల్లలు ఒకసారి దీన్ని చూపించి "తాతా, ఇది మందు కొట్టినోళ్లు వస్తే పిల్లలతో ఎక్కడికెళ్తాది?" అని అడిగారు. ఆ ప్రశ్నే మీ ముందు పెడుతున్నాను.

ఈ మూడిట్లో ఏదీ మనిషిని వెతుక్కుంటూ వచ్చి కరవదు. పెద్దదాన్ని చేత్తో నొక్కి పట్టుకుంటే కరుస్తుంది. నొప్పి పుట్టి, కాస్త వాచి, తగ్గిపోతుంది. వద్దనుకుంటే గ్లాసు బోర్లించి, కిందనుంచి అట్టముక్క దూర్చి, బాల్కనీలో వదిలెయ్యొచ్చు.

ఇక్కడ ఒక అపోహ గురించి వివరంగా రాయాలి. వానాకాలంలో పొద్దున్న లేచేసరికి మెడ మీదో చేతి మీదో ఎర్రగా చారలా కాలినట్టు మంట, మర్నాటికి నీటిపొక్కులు. "సాలీడు పాకింది" అనేస్తాం. డాక్టర్లు కూడా కొందరు ఆ మాటే అంటారు. నిజానికి అది సాలీడు పని కాదు. వరిమళ్లలో, తడినేలల్లో బతికే ఒక చిన్న పురుగు, సన్నగా చీమలా ఉంటుంది, నారింజ రంగు, నలుపు పట్టీలు పట్టీలుగా. మన ఊళ్ల చుట్టూ వరిచేలే కదా, వానలు పడ్డాక రాత్రిపూట ట్యూబులైటు వెలుగుకి ఇది లోపలికి వస్తుంది. కుట్టదు, కరవదు. ఒంటి మీద పాకుతుంటే మనమే చేత్తో నలిపేస్తాం. నలిగినప్పుడు దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుని, కొన్ని గంటల తరవాత కాలుతుంది. నలపకుండా ఊదెయ్యండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చెయ్యి కంటికి తగలనివ్వొద్దు. పడకగదిలో లైటు తీసేసి కిటికీలకి జాలీ బిగించుకుంటే చాలు. చేసిన పాపం ఆ పురుగుది, చీపురు దెబ్బ పడేది సాలీడు మీద. ఏళ్ల తరబడి ఇలాగే జరుగుతోంది.

సాలీళ్లుంటే డెంగీ రాదని నేను అనడం లేదు. అలా చెబితే అబద్ధమే అవుతుంది. దోమల్ని ఆపాల్సింది నీళ్ల దగ్గర. కానీ ఇంట్లో జీతం లేకుండా రోజూ ఎంతో కొంత పని చేసేదాన్ని చంపడానికి మనం డబ్బులివ్వడం ఏమిటి? ప్రపంచం మొత్తం మీద సాలీళ్లు ఏడాదికి 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల పురుగుల్ని తింటాయని 2017లో ఒక అంచనా వచ్చింది. అందులో ఎక్కువ భాగం అడవుల్లోనూ గడ్డిభూముల్లోనూ తినేవే. మన సీలింగు మూలలోది అందులో ఒక చిన్న వాటా.

మందు కొట్టాక ఏం జరుగుతుందో చూడండి. దోమ పుట్టేది మీ గోడలో కాదు, పక్క ఖాళీ సైటులో, మీ ట్యాంకులో. కాబట్టి మర్నాడే కిటికీలోంచి వస్తుంది. సాలీడు మళ్లీ ఇల్లు పట్టాలంటే నెలలు పడుతుంది. ఆ మధ్య కాలమంతా దోమకీ ఈగకీ ఇల్లు ఖాళీ. దాంతో మందు ఇంకోసారి కొట్టించాలనిపిస్తుంది.

బొద్దింకల దగ్గర ఇదే మాట ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. వంటింట్లో తిరిగే చిన్న రకం బొద్దింకలో ఆడది గుడ్ల సంచీని పొదిగేదాకా ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది. ఒక్కో సంచీలో 30, 40 గుడ్లు. ఆ సంచీ పెంకు లోపలికి పైన కొట్టిన మందు సరిగా దిగదు. తల్లి చచ్చినా కొన్ని పిల్లలు బయటికొస్తాయి. పైగా ఆ జాతి చాలా మందులకి అలవాటుపడిపోయింది. దానికి పనిచేసేది వేరు: రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో వదలకపోవడం, గ్యాసు బండ వెనక సందులు పూడ్చడం, బోరిక్ పౌడరుని పిండి, పంచదారతో కలిపి పిల్లలకి అందని సందుల్లో పెట్టడం, లేదా లైసెన్సున్న మనిషి చేత జెల్ చుక్కలు పెట్టించడం. డ్రైనేజీలోంచి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింకకి బాత్రూము జాలీ బిగిస్తే చాలావరకు ఆగుతుంది. దానికి ఇంకో శత్రువు కూడా ఉంది. బాత్రూము కిటికీ దగ్గర చిన్న నల్ల కందిరీగ లాంటిది, వెనక చిన్న పొట్టని జెండాలా ఆడిస్తూ తిరగడం చూసే ఉంటారు. అది మనల్ని కుట్టదు. బొద్దింక గుడ్ల సంచీ వెతికి అందులో తన గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపలి గుడ్లన్నీ తినేస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది ఇలాంటి సున్నితమైనవి.

బల్లి మీద కూడా ఒక మాట. బల్లికి విషం లేదు. దాని పేగుల్లో సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండొచ్చు గనుక అన్నం గిన్నె మీద మూత ఉండాలి, అంతే. మీద పడితే పంచాంగం చూసుకునేవాళ్లు చూసుకోండి, కంచిలో బంగారుబల్లిని తాకి వచ్చినవాళ్లు నిశ్చింతగా ఉండండి. లైటు కింద ఉసిళ్లని ఏరుకుతినే ప్రాణికి మందు కొట్టకండి.

మందు కొట్టడానికొచ్చే కుర్రాళ్ల గురించి కమిటీల్లో ఎవరూ మాట్లాడరు. మూతికి గుడ్డ, చేతికి తొడుగు లేకుండా, చెప్పులతో, వీపు మీద కారుతున్న డబ్బా మోసుకుని వస్తారు. మా స్ప్రే టీములకి ఈ విషయంలో నేను ఎంత గట్టిగా ఉండేవాడినో నాతో పనిచేసినవాళ్లకి తెలుసు. మీరు పిలిపించిన మనిషి ఆరోగ్యం మీ బాధ్యత కాదా? డబ్బాలో ఏముందో అడగండి. మన దేశంలో ప్రతి పురుగుమందు సీసా మీదా రంగు ముద్ర ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ప్రమాదకరం, తరవాత పసుపు, ఆ తరవాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. సీసా చూపించకుండా ముందే కలుపుకొచ్చిన మందుని లోపలికి రానివ్వకండి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఈ పని చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి. ఇళ్లలో విపరీతంగా వాడిన డైక్లోర్‌వాస్ అనే పురుగుమందుని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. పాత సీసాలు ఎక్కడైనా మిగిలి ఉంటే అవి మీ గుమ్మం దాటకూడదు.

నేల మీద పాకే పసిపిల్ల చెయ్యి నేలకీ నోటికీ మధ్య ఎన్నిసార్లు తిరుగుతుందో ఇంట్లో ఉన్నవాళ్లకి తెలుసు. పైరెత్రాయిడ్ జాతిదే అయిన పర్మెత్రిన్‌ని పిల్లి ఒళ్లు తట్టుకోలేదు, ప్రాణం మీదకొస్తుంది. చేపలకి ఈ జాతి మందులు చాలా తక్కువ మోతాదులోనే విషం. ఆస్తమా ఉన్న ముసలివాళ్లు మందు కొట్టిన రోజు బాల్కనీలో కూర్చుని గడుపుతున్నారు. ఇవన్నీ తెలిసీ, మా ఇంట్లో వద్దు బాబూ అన్నవాళ్లని నిర్బంధించడం న్యాయం కాదు.

భయపడాల్సినవాటి గురించి కూడా రాస్తాను, ఎందుకంటే నిజంగా భయపడాల్సినవి ఉన్నాయి. 2025 చివర్లో మన విజయనగరం జిల్లాలో స్క్రబ్ టైఫస్ వార్తలొచ్చాక చాలా అపార్ట్‌మెంట్లు హడావుడిగా ఇళ్లలో మందు కొట్టించాయి. స్క్రబ్ టైఫస్‌ని అంటించేది చిగ్గర్ అనే అతి చిన్న పురుగు, తొలకరికి మన పిల్లలు అరచేతిలో పెట్టుకుని ఆడుకునే ఆరుద్ర పురుగుకి దూరపు చుట్టం. ఆరుద్ర పురుగు ఏ హానీ చెయ్యదు. చిగ్గర్ ఉండేది మీ హాలు గోడ మీద కాదు, పొదల్లో, ఏపుగా పెరిగిన గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట. అది కుట్టినప్పుడు నొప్పి కూడా తెలియదు. తరవాత జ్వరం, తలనొప్పి, ఒంటినొప్పులు. కొందరికి కుట్టిన చోట నల్లటి పెచ్చు కడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గరో ఉంటే రోగి కూడా చూసుకోడు. జ్వరం వస్తే ఒళ్లంతా వెతికి చూసుకోండి, డాక్టరుకి చూపించండి. త్వరగా కనిపెడితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి మామూలు మందులకే తగ్గుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. కాబట్టి మీ ప్రహరీ పక్కన ఖాళీ సైటులో పొదలు కొట్టించండి, చెత్త తీయించి ఎలుకల్ని తగ్గించండి.

తేలు రెండోది. సెల్లారులో మిగిలిపోయిన ఇటుకలు, టైల్సు, చెక్కలు ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఎర్రతేలు కుట్టి చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం ఉంటే నాటువైద్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లలకి మరీ ప్రమాదం. మహారాష్ట్రలో మహాడ్‌కి చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మాత్రతో ఈ కాటుకి ఎంతోమందిని బతికించి చూపించారు. దానికి ఆయనకి 2022లో పద్మశ్రీ వచ్చింది. సెల్లారులోని ఆ గుట్ట తీయించేస్తే తేలుకి చోటుండదు.

అన్నిటికంటే ముఖ్యం దోమ. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినప్పటి నుంచి మా విభాగం నేర్చుకున్నదంతా కలిపితే తేలేది ఒకటే, దోమని లార్వాగా, అంటే నీళ్లలో పురుగుగా ఉన్నప్పుడు పట్టుకోవాలి. ఈడిస్ గుడ్డు పిల్లయి, రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రైడే అని వారానికోసారి నీళ్లు పారబొయ్యమనడానికి కారణం ఇదే. ఒట్టిగా పారబోస్తే సరిపోదు. ఆ గుడ్లు నీటి అంచుకి పైన గోడకి అంటుకుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఈ దోమ పుట్టినచోటి నుంచి చాలావరకు ఒకటి రెండు వందల మీటర్లు దాటదు. అంటే మీ అపార్ట్‌మెంట్‌లో కుట్టే దోమ మీ దగ్గరో, మీ పక్కింట్లోనో పుట్టిందే.

హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులోనూ, తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసిన 2018 అక్టోబరులోనూ మేము చేసిన పని ఇదే. కరెంటు లేదు, నీళ్లు ఎక్కడ పడితే అక్కడ నిలిచాయి, జనం దొరికిన ప్రతి పాత్రలోనూ నీళ్లు పట్టి దాచుకున్నారు. ఫాగింగ్ బండి వెళ్తే అందరికీ ధైర్యంగా ఉండేది. ఆ పొగ అప్పటికి ఎగురుతున్న దోమల్లో కొన్నిటిని చంపుతుంది. డ్రమ్ములో ఉన్న లార్వాకి ఏమీ కాదు. టార్చిలైటు, గరిటె పట్టుకుని డ్రమ్ము డ్రమ్ముకీ వంగి చూసిన ఆశా కార్యకర్తల వల్లే జ్వరాలు అదుపులో ఉన్నాయని నా నమ్మకం.

అపార్ట్‌మెంట్లలో నేను చూసినంతలో ఎవరికీ గుర్తురాని చోట్లు కొన్ని ఉన్నాయి. లిఫ్టు గుంత వాటిలో మొదటిది. వానాకాలంలో ఊట నీరు దిగి అలాగే ఉండిపోతుంది. మనిషి కిందకి దిగి చూడడు, దోమకి నీడ, నీళ్లు, రక్తం మూడూ అక్కడే దొరుకుతాయి. తరవాత సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం. దాని మూతికి నైలాన్ జాలీ కడితే చాలు, క్యూలెక్స్ దోమలు లోపలికీ బయటికీ తిరగలేవు. అతి తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఇంకోటి నాకు తెలీదు. మేడ మీద ట్యాంకుల మూతలు పగిలి ఉంటాయి. ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్లు పట్టే బకెట్టు, తులసికుండీ కింద పళ్లెం, అద్దెకి పోని ఖాళీ ఫ్లాటులో బాత్రూము కమోడు, వాచ్‌మన్ గది వెనక పాత టైరు. ఖాళీ ఫ్లాట్ల తాళాలు కమిటీ దగ్గరే ఉంటాయి కాబట్టి అది మీరే చెయ్యాలి. తోడలేని సంపు ఏదైనా ఉంటే అందులో గంబూషియా చేపలు వెయ్యొచ్చు, లార్వాని తినేస్తాయి. వాటిని సొంతంగా చెరువుల్లో వదలకండి, చిన్న చేపలకీ కప్పలకీ చేటు.

శుభ్రత వద్దని నేను అనడం లేదని మళ్లీ చెప్తున్నాను. సంక్రాంతికి ముందు బూజుకర్రతో ఇల్లంతా దులపడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది, ఉండాలి. బూజు అంటే సాలీడు వదిలేసి వెళ్లిన పాత గూడు, దుమ్ము పట్టి వేలాడేది. దాన్ని దులపండి. సాలీడు కూర్చుని ఉన్న కొత్త గూడు వంటింట్లో, దేవుడి గదిలో వద్దనుకుంటే తీసి బయట పెట్టండి. బాల్కనీ మూలా, మెట్ల కిందా ఉంటే ఉండనివ్వండి. మన అమ్మమ్మలు పెంకుటింట్లో, చుట్టింట్లో ఇలాగే చేశారు. శివుడికి గూడల్లి పూజ చేసిన సాలీడు కథని శ్రీకాళహస్తి వెళ్లి వచ్చి పిల్లలకి చెప్పుకునేవాళ్లం మనం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వచ్చే పెలికాన్లు చెట్ల నిండా రెట్టలు వేసినా, వాసనొచ్చినా ఊరివాళ్లు రాయి విసరరు, విసరనివ్వరు. అది మన జిల్లాల మనుషుల స్వభావం. పట్నంలో ఫ్లాటు కొనుక్కున్నంత మాత్రాన అది పోవాలని ఎక్కడా లేదు.

కమిటీలకి నేను చేసే విజ్ఞప్తి ఇది. ఇంటింటికీ నెలవారీ స్ప్రే నిర్బంధంగా పెట్టిన తీర్మానం రద్దు చెయ్యండి. చెదలో, నల్లులో, బొద్దింకలో నిజంగా ఎక్కువైన ఫ్లాటుకి మాత్రం, ఆ ఇంటివాళ్లు అడిగితే, లైసెన్సున్న మనిషిని పిలిచి ఆ పురుగుకి తగిన వైద్యం చేయించండి. సన్‌షేడు కింద తేనెపట్టు పడితే రాత్రికి రాత్రి తగలబెట్టించొద్దు, పట్టు తియ్యడం తెలిసినవాళ్లని పిలవండి. మెయింటెనెన్సు డబ్బుతో ముందు ట్యాంకు మూతలు, గాలిగొట్టాలకి జాలీలు, ఫ్లాటుల కిటికీలకి దోమజాలీలు, లిఫ్టు గుంతకి చిన్న మోటారు కొనండి. ప్రతి శుక్రవారం ఉదయం ఇద్దరు సభ్యులు వంతులవారీగా మేడ మీదనుంచి సెల్లారుదాకా తిరిగి చూసేలా పేర్లు రాసి, ఇప్పుడా కాగితం అంటించిన చోటే అంటించండి.

మేముండే అపార్ట్‌మెంట్ కమిటీకి ఈ ఉత్తరం ప్రతి ఒకటి విడిగా ఇచ్చాను. వచ్చే నెల సమావేశంలో చర్చకి పెడతామన్నారు. విజయనగరంలోగానీ శ్రీకాకుళంలోగానీ ఏ సంఘం పిలిచినా నేను వస్తాను. డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు. గరిటె, టార్చి నా దగ్గరున్నాయి. లిఫ్టు గుంత తాళం తీసి, ఖాళీ ఫ్లాట్ల తాళాలు సిద్ధంగా ఉంచండి. పిల్లల్ని కూడా పిలవండి, లార్వా ఎలా ఉంటుందో, సాలీడు ఏం తింటోందో ఒకే పూటలో చూపిస్తాను.

ఇట్లు,
మలేరియా విభాగం విశ్రాంత ఉద్యోగి,
విజయనగరం